ఇరవై ఎనిమిదో రోజు గడి

ఫిబ్రవరి 2, సోమవారం

డైరెక్టరు గారు పిలిచి కుర్చీ చూపించారు. మామూలుగా నిలబెట్టే మాట్లాడి పంపేస్తారు. కుర్చీ చూపించారంటే విషయం ఉన్నట్టే.

పందొమ్మిదో తారీఖు పదకొండు గంటలకి ఇంటర్వ్యూ. మాతా శిశు పరిశోధన విభాగానికి అధిపతి పదవి. చివరికి ఇద్దరం మిగిలాం, నేనూ పై అంతస్తు గడ్డం ఆయనా. "ఆయనకి పేపర్లు బోలెడు. మీకు చెప్పుకోదగ్గది ఒక్కటే. కానీ ఆ ఒక్కటీ చాలు" అన్నారు. మెచ్చుకున్నారో దెప్పిపొడిచారో తేల్చుకోలేక నవ్వి ఊరుకున్నాను.

కమిటీకి ఒక పేజీ రాసివ్వాలి. నా పరిశోధన వల్ల ఏం మారిందో ఒకే ఒక్క పేజీలో. చిత్తుప్రతి ఇక్కడే గిలుకుతాను:

"రెండు కిలోలకి కాస్త తక్కువ బరువుతో పుట్టి, పాలు బాగా తాగుతున్న పిల్లల్ని వారం పది రోజులు వార్డులో ఉంచుకోనక్కరలేదు. ఒంటికి ఒళ్ళు ఆనించి పెంచే పద్ధతి తల్లికి నేర్పి, మూడో రోజున ఇంటికి పంపేసినా ప్రాణాపాయం పెరగదు. ఈ సంగతి పదకొండేళ్ళ కిందట మా అధ్యయనం తేల్చింది. ఇప్పటికి 611 పరిశోధనా వ్యాసాలు దాన్ని ఉదహరించాయి. అనేక ఆసుపత్రుల నియమావళిలో అది చేరింది."

ఇంతవరకూ బాగానే వచ్చింది. తర్వాత ఏం రాయాలో తోచక లేచి, కిటికీ తీసి, మూసి, మళ్ళీ తీశాను.

ఫిబ్రవరి 3, మంగళవారం

612. పొద్దున ఒకసారి చూశాను, మధ్యాహ్నం ఒకసారి. పూటపూటకీ బరువు చూసుకునేవాళ్ళని చూసి నవ్వుతుంటాను. నేనేం తక్కువ తిన్నాను?

ఫిబ్రవరి 5, గురువారం

ఎవరో గణాంకాల అమ్మాయి మెయిలు రాసింది. చిన్న పిల్లల్ని తొందరగా ఇంటికి పంపడం గురించి వచ్చిన ఎనిమిది అధ్యయనాల్ని కలిపి లెక్క కడుతోందట. నా అధ్యయనం అసలు వివరాలు కావాలంది. ఎంత మర్యాదగా అడిగిందంటే గంటలో ఫైలు పంపేశాను. ఎనిమిదింటిలో నాదే పెద్దది. ఆ మాట కూడా తగిలించి పంపాను, సిగ్గులేకుండా.

సాయంత్రానికి ప్రశ్న వచ్చింది. ఇరవై ఎనిమిదో రోజున తల్లులకి ఫోను చేసి బిడ్డ ఎలా ఉందో కనుక్కున్నాం కదా. మిగతా ఏడు అధ్యయనాల్లో కనీసం పదిమందికి ఒకరి చొప్పున దొరకలేదట. నా ఫైల్లో మాత్రం ప్రతి బిడ్డకీ జవాబు ఉందట. "ఒక్కరు కూడా తప్పిపోకుండా ఎలా చేయగలిగారు? మాకూ చెప్పండి" అని రాసింది.

"మా సిస్టర్లు పట్టుదల గలవాళ్ళు" అని జవాబిచ్చాను. పొగిడిందనే అనుకున్నాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

పొగడ్త కాదు. ఆ ఫోన్ల జవాబులు రాసుకున్న పుస్తకం పేజీలు ఫొటో తీసి పంపగలరా అని అడుగుతోంది. దొంగసొత్తు ఎక్కడ దాచావని అడిగినట్టు ఉంది నాకు. ఈ పిల్ల ఒక్క రాత్రైనా ప్రసవాల వార్డులో నిలబడిందా? ఒకే మంచం మీద ఇద్దరు బాలింతల్ని చూసిందా? ఆ ఇరుకు చూశాకే కదా నాకు ఈ అధ్యయనం చెయ్యాలనిపించింది. అంతా కంప్యూటరు ముందు కూర్చుని పక్కవాళ్ళ పని తూచడమే.

జవాబివ్వలేదు. పని ఒత్తిడి.

ఫిబ్రవరి 7, శనివారం

ఆడపడుచు ఫోను. "వదినా! గది ముందు బోర్డు పెడతారటగా! మా ఆఫీసులో అందరికీ చెప్పేశాను."

"ఇంకా ఇంటర్వ్యూ కాలేదమ్మా."

"అయినట్టేనట. అన్నయ్య చెప్పాడు."

అన్నయ్యగారికి ఒక క్లాసు పీకాను. ఆయన డ్రైవింగు నేర్పే మనిషి. రోజంతా ఊళ్ళోవాళ్ళు బండి గుద్దబోతుంటే పక్కసీట్లో నిమ్మళంగా కూర్చునే రకం. నా అరుపులు ఆయనకి ఓ లెక్కా? తల ఊపి, అమ్మాయికి లెక్కలు చెప్పడానికి వెళ్ళిపోయారు.

పేజీ ముందుకు కదలలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

"ఏంటి, పొద్దుట్నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?" అన్నారాయన.

"ఏం లేదు."

"ఏం లేదన్నప్పుడల్లా నువ్వు డబ్బాలు సర్దుతావ్."

చూస్తే వంటింట్లో డబ్బాలన్నీ పొడుగు వరసలో నిలబడి ఉన్నాయి. ఎప్పుడు సర్దానో నాకే తెలియదు.

రేపు ఆ పుస్తకం తీసి ఫొటోలు పంపేస్తాను. ఆ పిల్ల నోరు మూతపడుతుంది, నాకూ పీడ విరగడవుతుంది.

ఫిబ్రవరి 9, సోమవారం

రికార్డుల గది కింద, మెట్ల చివర. గుమస్తా గారు పేపరు మడిచి, తాళాలగుత్తి వెతికి, "పదకొండేళ్ళవా? ఉంటే ఉంటాయి, లేకపోతే లేవు" అని దారి చూపించారు. ఉంది. అట్ట వేసి, మీద నా చేతిరాతతో "ఫోన్లు, 28వ రోజు". అప్పట్లో నా అక్షరాలు ఎంత గుండ్రంగా ఉండేవో.

మూడో రోజున ఇంటికి పంపిన పిల్లలు 210 మంది. పెద్ద సిస్టరు రాత. "బాగుంది, పాలు తాగుతోంది." "బాగున్నాడు, బరువు పెరిగాడట." "బాగుంది." పేజీలకి పేజీలు. మధ్యమధ్యన ఖాళీ గడి. చుక్క కూడా లేదు.

ఇరవై మూడు ఖాళీలు. మూడుసార్లు లెక్కపెట్టాను. పోల్చి చూడ్డానికి వార్డులోనే ఉంచిన అంతేమంది గుంపులో రెండే.

పైకి వచ్చి ఫైలు తీసి, ఆ ఇరవై మూడు నంబర్లూ చూశాను. అందరికీ 1. మా పద్ధతిలో 1 అంటే బతికి ఉంది. ఆ కంప్యూటరు ఫారం ఖాళీని ఒప్పుకునేది కాదు. ఏదో ఒకటి నొక్కితే తప్ప తర్వాతి పేజీకి పోనిచ్చేది కాదు, అది బాగా గుర్తుంది. దిక్కుమాలిన ఫారం. దానివల్లే ఇదంతా. 1 ఎవరు నొక్కారో మాత్రం గుర్తులేదు.

నేనే. ఇంకెవరున్నారు ఆ గదిలో?

ఫిబ్రవరి 10, మంగళవారం

ఖాళీకి అర్థమేమిటో నాకెవరూ చెప్పలేదు. ఇబ్బంది ఉంటే రాసేవాళ్ళు కదా. రాయలేదంటే ఇబ్బంది లేనట్టే కదా. ఎవరైనా అలాగే అనుకుంటారు. నాకెవరూ చెప్పలేదు.

పైగా ఆసుపత్రిలో పోయిన పిల్లల్ని లెక్కేశాను. కేసు షీట్లున్నాయి. ఇంటికి వెళ్ళిన గుంపులో, తిరిగి తెచ్చి చేర్చాక పోయినవాళ్ళు ముగ్గురు, వార్డులో ఉంచిన గుంపులో నలుగురు. దాచిందేమీ లేదు. నాకెవరూ చెప్పలేదు.

ఫిబ్రవరి 11, బుధవారం

పెద్ద సిస్టరు ఇంటికి వెళ్ళాను. రిటైరై నాలుగేళ్ళు. తమ్ముడి ఇంట్లో పై గదిలో ఉంటోంది. నేను వెళ్ళేసరికి మంచం మీద పాత గొడుగు పరిచి ఊచలకి దారం కడుతోంది.

"ఎవరూ, మేడమా! రండి రండి. ఆ కుర్చీలో వద్దు, దాని కాలు ఊగుతుంది. ఇలా మంచం మీద కూర్చోండి. పాప ఎలా ఉంది? అయిదో క్లాసా, ఆరా ఇప్పుడు?"

"అయిదు."

నా కూతుర్ని మొదట ఎత్తుకున్న చేతులు ఆవిడవే. అది గుర్తొచ్చి, వచ్చిన పని వదిలేసి పాప కబుర్లే చెప్పాను. టీ తాగాక ఫోనులో ఆ పుస్తకం పేజీ ఫొటో చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"నా రాతే."

"ఈ ఖాళీలేమిటి సిస్టర్? ఫోను ఎత్తలేదా?"

"కొందరు ఎత్తలేదు. కొందరు ఎత్తారు. పోయిందని చెప్పారు."

"పోయిందని చెబితే రాయాలిగా!"

"ఎక్కడ రాయమంటారు? ఆ పుస్తకం ఎక్కడుండేదో మర్చిపోయారా? వార్డు గుమ్మం పక్కన, బల్ల మీద. మళ్ళీ చూపించుకోడానికి వచ్చిన తల్లులు తమ పేరు ఎక్కడుందా అని తిరగేసేవాళ్ళు. మన పాప గురించి ఏం రాశారో చూద్దామని మురిసిపోతూ చూసేవాళ్ళు. వాళ్ళ కళ్ళ ముందు 'పోయింది' అని ఎలా రాస్తామండీ? నాకు అప్పటి పెద్ద సిస్టరు నేర్పింది, నేను నా కింద చేరిన పిల్లలకి నేర్పాను. ఆసుపత్రిలో పోతే కేసు షీట్లో రాస్తాం. ఆ పుస్తకంలో మాత్రం చావు రాయం. గడి వదిలేస్తాం."

"మరి నాకెలా తెలుస్తుంది?"

ఆవిడ దారం కొరికి, ఊచ పక్కన పెట్టి నా వంక చూసింది.

"చెప్పానుగా."

"ఎప్పుడు?"

"మీరు కంప్యూటరు దగ్గరున్నారు. పొట్ట బల్లకి తగులుతోందని కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. ఏడో నెల మీకప్పుడు. 'ఖాళీ వదిలినవాళ్ళలో పోయినవాళ్ళున్నారు మేడమ్, ఒకసారి మీరే ఫోను చేసి కనుక్కోండి' అన్నాను. 'సరే సిస్టర్' అన్నారు."

"నేను అలా అనలేదు."

"అన్నారమ్మా" అంది. అప్పటిదాకా మేడమ్ అన్న మనిషి.

గొడుగు గురించి ఏదో మాట్లాడి వచ్చేశాను.

ఫిబ్రవరి 12, గురువారం

సిస్టరుకి అరవై దాటాయి. నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఎంతమంది డాక్టర్లు, ఎన్ని పుస్తకాలు. ఒకరితో అన్న మాట ఇంకొకరితో అన్నట్టు కలిసిపోయి ఉంటుంది. ఆవిడ తప్పు కాదు, వయసు.

సాయంత్రం. కుర్చీ జరుపుకోవడం ఎలా కలిసిపోతుంది?

ఫిబ్రవరి 13, శుక్రవారం

రాసి పారేస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడా రాయను.

చెప్పింది. నేను సరేనన్నాను. ఫోను కూడా చేశాను. ఇరవై మూడింటిలో మూడు. మొదటి రెండూ బాగున్నారన్నారు. ఒకావిడైతే బిడ్డ ఏడుపు కూడా వినిపించింది. మూడోది ఎవరో మగమనిషి ఎత్తాడు. "పాప ఎలా ఉందండీ?" అన్నాను. "పాప లేదండీ" అన్నాడు.

పెట్టేశాను.

రాంగ్ నంబరు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. పాప లేని ఇంటికి చేశాననుకున్నాను. ఆ నంబరు మళ్ళీ సరిచూసుకోలేదు. మిగతా ఇరవైకీ చెయ్యలేదు. "జవాబు లేనివారిలో కొందరిని ఫోనులో విచారించగా అందరూ క్షేమం" అని పేపర్లో ఒక వాక్యం రాశాను. ఆ వాక్యం ఇప్పటికీ ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. గడువు దగ్గర పడింది, నా నెలలు దగ్గర పడ్డాయి. ఏడో నెల కడుపుతో ఆ మాటలు వినలేకపోయానని చెప్పుకోవచ్చు. చెప్పుకుంటూనే వచ్చాను కూడా, లోలోపల. వినలేకపోవడం వరకూ నిజం. వినలేకపోతే ఇంకొకరి చేత చేయించాలి, 1 నొక్కకూడదు. నేను నొక్కాను. ఇరవై మూడుసార్లు నొక్కాను. ఏ ఒక్కసారీ వేలు ఆగలేదు.

ఆయనకి చెప్పాను. అమ్మాయి పక్కగదిలో ఉందని గొంతు తగ్గించి చెప్పాను. మా ఆయన లేచి పక్కగది తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"ఎంతమంది?" అన్నారు.

"తెలీదు."

"తెలుసుకో మరి."

ఓదారుస్తారనుకున్నాను. ఓదార్చలేదు. కోపం వచ్చింది, తర్వాత అదీ పోయింది.

ఫిబ్రవరి 15, ఆదివారం

రెండు రోజులు ఫోన్లు చేశాను. ఆసుపత్రిలో నా గదిలో, తలుపు వేసుకుని. ఇరవై మూడు, అవతలి గుంపులో రెండు.

మొదటిది ఇప్పుడు టైర్ల కొట్టు. రెండోది మోగదు. నాలుగోది ఒక పిల్ల ఎత్తింది.

"మా అమ్మ స్నానానికి వెళ్ళింది. మీరెవరు?"

"నేను డాక్టర్ని. నీకు అన్నయ్యలూ అక్కయ్యలూ ఉన్నారా?"

"లేరు. నేనే పెద్ద."

"నువ్వు ఎప్పుడు పుట్టావమ్మా?"

"మీకెందుకు?" అని అరిచి పెట్టేసింది. పుట్టినప్పుడు ఆ పిల్ల బరువు 1,910 గ్రాములు. ఇంత గయ్యాళిగా ఎదిగినందుకు గదిలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తర్వాత వాళ్ళమ్మకి చేసి రూఢి చేసుకున్నాను.

ఏడోది ఒక పెద్దావిడ. "ఏ పాపమ్మా? మా కోడలికి ఇద్దరూ మగపిల్లలేగా" అంది. నేను తారీఖు చెప్పాను. "ఆ పాపా" అని, ఫోను పట్టుకుని ఇంకో గదిలోకి వెళ్ళి, తలుపు వేసి, చిన్న గొంతుతో చెప్పింది. ఇంటికి వచ్చిన అయిదో నాటి పొద్దున. కోడలు ఇప్పటికీ ఆ నెల వస్తే ఎవరితోనూ మాట్లాడదట. "మీరు ఫోను చేశారని దానికి చెప్పనమ్మా, ఏమనుకోవద్దు" అంది. నన్ను ఏమనుకోవద్దంది.

పదకొండోది: "చల్లబడిపోయింది. నిద్రపోతోందనుకున్నాం. పాలకి లేవట్లేదు, మంచిపిల్ల అనుకున్నాం." వార్డులో ఉంటే మూడు గంటలకోసారి ఒక సిస్టరు చెయ్యి వేసి చూసేది. నేను ఆ మాట అనలేదు. ఆవిడే అంది.

పద్నాలుగోది: "ఇన్నేళ్ళకి గుర్తొచ్చామా మీకు?" అంతే.

అప్పట్లో నేను పెట్టేసిన నంబరు చివరికి ఉంచాను. అదే గొంతు, కాస్త బొంగురుపోయింది. నేను ఆసుపత్రి పేరు చెప్పాను. ఆయన "అప్పుడూ ఒకావిడ చేసింది. పాప లేదంటే ఏమీ అనకుండా పెట్టేసింది. మీరేనా?" అన్నాడు.

"నేనేనండీ."

తిడతాడని చూశాను. తిడితే బాగుండుననిపించింది.

"సరే, అయితే ఇప్పుడు రాసుకోండి" అన్నాడు. పోయిన తారీఖు, వేళ, చివరిసారి పాలు ఎప్పుడు తాగిందో, ఒళ్ళు ఎప్పటినుంచి చల్లబడిందో ఒక్కొక్కటే చెప్పాడు. మధ్యలో "రాశారా?" అని అడిగాడు. రాశానన్నాను. అన్నీ నోటికి వచ్చు ఆయనకి. నేను ఏడుస్తూ రాశాను, అక్షరాలు అలుక్కుపోతే మళ్ళీ రాశాను.

మొత్తం ఇరవై మూడు. ఆరుగురు బతికి ఉన్నారు. ఎనిమిది మంది లేరు. తొమ్మిది మంది సంగతి ఇంక ఎప్పటికీ తెలియదు. వార్డు గుంపులో ఇద్దరూ దొరికారు, ఇద్దరూ బాగున్నారు.

అంటే ఇంటికి పంపినవాళ్ళలో ముగ్గురు, వార్డులో నలుగురు కాదు. పదకొండు మంది, నలుగురు.

ఫిబ్రవరి 16, సోమవారం

పత్రికకి ఉత్తరం రాశాను. చాలా చిన్నది. నా వ్యాసం ముగింపు తప్పు, కారణం ఇది, దాన్ని వెనక్కి తీసుకోండి. గణాంకాల అమ్మాయికి ఒక ప్రతి. పంపే ముందు డైరెక్టరు గారికి ఒక మాట చెప్పడం మర్యాద.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఈసారి కుర్చీ నేనే లాక్కుని కూర్చున్నాను. అంతా విన్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పంపవద్దని నేను అనను. ఇరవయ్యో తారీఖు పంపండి."

"సార్..."

"పదకొండేళ్ళు ఆగింది, మూడు రోజులు ఆగదా? ఇప్పుడు పంపితే ఎవరో తప్పు చేసి దొరికిపోయిన డాక్టరు ఉత్తరం. విభాగాధిపతిగా పంపితే ఆ మాటకి బరువుంటుంది. అన్ని ఆసుపత్రులూ వింటాయి. ఆ కుర్చీ గడ్డం ఆయనకి పోయిందనుకోండి, ఆయనకి ఈ పిల్లల గురించి ఏం పట్టింది? ఆయనవి ఎలకల మీద ప్రయోగాలు."

ఆలోచిస్తే అందులో అన్యాయం లేదు. మూడంటే మూడు రోజులు. నా కోసమైతే ఒప్పుకునేదాన్ని కాదు. ఆ ఉత్తరానికి బరువు కావాలి.

ఆయనకి చెప్పాను. "నీ ఇష్టం" అన్నారు మా ఆయన. ఆ మాట ఆయన నోట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఫిబ్రవరి 18, బుధవారం

614. ఇంకో ఇద్దరెవరో ఉదహరించారు. పేజీ పూర్తి చేసి కమిటీకి ఇచ్చేశాను. ఉత్తరం ఫోనులో సిద్ధంగా ఉంది. ఎల్లుండి.

రెండుసార్లు డబ్బాలు సర్దాను.

ఫిబ్రవరి 19, గురువారం

ఉత్తరం పంపేశాను. ముందు ఆ ముక్క రాసి తర్వాత మిగిలింది రాస్తాను.

ఇంటర్వ్యూ పదకొండుకి. తొమ్మిదిన్నరకే చేరాను. ఇస్త్రీ బట్టలు, చేతిలో ఫైలు. గంటన్నర ఏం చెయ్యాలి? ఊరికే వార్డు చూసి వద్దామనుకున్నాను. ఇన్నాళ్ళూ అటు వెళ్ళకుండా తప్పించుకుని తిరిగింది చాలదన్నట్టు, ఇవాళే వెళ్ళాను.

ఆరో మంచం దగ్గర బాలింత సంచీ సర్దుకుంటోంది. మూడో రోజు, 1,860 గ్రాములు. కొత్త డాక్టరమ్మ డిశ్చార్జి కాగితం రాస్తోంది. నాలుగు నెలలైందట చేరి, నన్నెప్పుడూ చూడలేదు.

"ఈ పాపని ఇవాళ పంపకండి" అన్నాను.

"ఎందుకండీ? పాలు బాగా తాగుతోంది, ఒళ్ళు వెచ్చగా ఉంది, బరువూ పెద్దగా తగ్గలేదు." గోడకి అంటించిన కాగితం చూపించింది. "మా నియమం ఇది. మీరెవరోగానీ, ఊరికే పెట్టింది కాదు. కింద ఆధారం కూడా ఉంది చూడండి."

చూశాను. చిన్న అక్షరాల్లో నా పేరు.

"ఆ పేపరు తప్పు."

"తప్పని ఎక్కడ రాసుందండీ?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. రాసి ఉంటే చదువుదామని అడిగింది. ఎక్కడా లేదు. నా చేతి సంచీలో, ఫోనులో, పంపకుండా ఉంది. అక్కడే నిలబడి తీసి పంపేశాను. రెండుసార్లు తప్పు చోట నొక్కాను. తర్వాత పాప కేసు షీటు అడిగి తీసుకుని, ఆ వ్యాసం నేనే రాశాననీ, అది తప్పనీ, ఈ బరువు పిల్లల్ని మూడో రోజున పంపవద్దనీ రాసి సంతకం పెట్టాను. ఆ అమ్మాయి సంతకం చూసింది, గోడ వంక చూసింది.

"మేడమ్, నిన్న ఒకళ్ళని పంపాను. మొన్న ఒకళ్ళని."

మొన్న అంటే మంగళవారం. నేను కుర్చీ లాక్కుని కూర్చున్న రోజు.

ఆరో మంచం ఆవిడ సంచీ కింద పడేసి, "ఇంట్లో అన్నీ సర్ది పెట్టుకుని నాకోసం కూర్చున్నారండీ! పొద్దున పంపుతామని, ఇప్పుడు వద్దంటారా? మాతో ఆటలా?" అని గొడవ. డాక్టరమ్మ ఆవిణ్ణి కూర్చోబెడుతుంటే నేను ఫోన్లు మొదలుపెట్టాను. నిన్నటివాళ్ళు ఎత్తారు, మధ్యాహ్నానికల్లా తీసుకొస్తామన్నారు. మొన్నటివాళ్ళది మోగుతోంది, మోగుతోంది, ఎత్తడం లేదు. నాలుగుసార్లు. అయిదు. అప్పుడు టైము పదింపావు. విలాసం కేసు షీట్లో ఉంది. ఆసుపత్రి వ్యాను అడిగి ఎక్కాను. డైరెక్టరు గారి గది కిటికీ ముందునుంచే వెళ్ళింది వ్యాను.

మూడో అంతస్తు. తలుపు కొడితే తీయలేదు. అరచేత్తో బాదాను. పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు. ఆ రెండు నిమిషాల గురించి రాయలేను.

తలుపు తీసింది. నిద్రకళ్ళతో ఉంది, పాప గుండెల మీద గుడ్డతో కట్టి ఉంది. ఫోను పాపకి నిద్రాభంగమని మూగది చేసి పెట్టిందట. నేను ఏమీ చెప్పకుండా పాప వీపు మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. గోడకి ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఆవిడే గాబరా పడి నీళ్ళు తెచ్చిచ్చింది.

వ్యానులో బయల్దేరాక అడిగింది. "బాగానే ఉందిగా పాప? మళ్ళీ ఎందుకు రమ్మంటున్నారు?"

చెప్పాను. పుస్తకం, ఖాళీ గడులు, ఎనిమిది మంది, అన్నీ. చిన్నపిల్ల, ఇరవై రెండేళ్ళుంటాయేమో. కళ్ళార్పకుండా వింది.

"ఇవాళే తెలిసిందా మీకు?"

ఔనంటే సరిపోయేది. వ్యానులో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు, ముందు డ్రైవరు.

"లేదు. ఆదివారమే తెలిసింది."

"మమ్మల్ని పంపింది మంగళవారం కదా."

"ఔను."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఇవాళ నాకు ఇంటర్వ్యూ ఉంది. అది అయ్యాక చెబుదామనుకున్నాను" అన్నాను.

ఆవిడ లేచి, నా పక్కనుంచి వెళ్ళి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. దారి పొడుగునా పాపని ఒంటికి ఆనించుకునే ఉంది. తల పక్కకి తిప్పి, ముక్కు మూసుకుపోకుండా, కాళ్ళు ముడిచి, వీపు మీద చెయ్యి వేసి. మా వార్డులో నేర్పినట్టే, ఒక్క తప్పు లేకుండా.